విదేశయాత్రకు వలయు పత్రములు

మన జైపూరు ప్రాంతమునందు విదేశయాత్ర యనునది ఇప్పుడు వింతమాట కాదు. గనిలో జీవితకాలము పనిచేసి పదవీవిరమణ చేసిన తండ్రికి అమెరికానుండియో ఆస్ట్రేలియానుండియో కుమార్తె పిలుపు వచ్చుచున్నది. తండ్రి దుబాయిలోనో దోహాలోనో ఉద్యోగము చేయుచుండగా తల్లియు పిల్లలును వేసవి సెలవులలో బయలుదేరి పోయి, నెలదినములు అతనితో గడపి వచ్చుచున్నారు. సింగపూరు, థాయిలాండు, నేపాళము మొదలగు దేశములను చూచి వచ్చుటకై మాత్రమే పోవు కుటుంబములును లేకపోలేదు. ఇట్టి ప్రయాణము తలపెట్టినవారు విమానపు టిక్కెట్టు వెల యెంత, సామాను ఎన్ని కిలోలు కొనిపోవచ్చును, మామిడికాయ పచ్చడిని అక్కడ రానిత్తురా లేదా యని ముందుగా విచారింతురు. పత్రములను గూర్చి విచారించుట కట్టకడపట. అప్పటికి సెలవులు సగము గడచియుండును.

ఈ పత్రముల చిక్కులలో చాలభాగము పాస్‌పోర్టు కార్యాలయమున పుట్టునవి కావు. అంతకు ఎన్నో యేండ్ల ముందే పాఠశాల అడ్మిషను రిజిస్టరునందును, పంచాయతీ జనన రిజిస్టరునందును, గని హాజరు పుస్తకమునందును పుట్టినవి. కాబట్టి పాఠశాల పత్రికలో దీనిని గూర్చి వ్రాయుట అనుచితము కాదని తలంచుచున్నాను.

పాస్‌పోర్టు అనగా ఒక దేశప్రభుత్వము తన పౌరునకిచ్చు గుర్తింపు పుస్తకము. దీనిని కలిగినవానిని ఆటంకము లేక పోనిండు, అవసరమైనచో సాయము చేయుడు అని అన్యదేశముల అధికారులను కోరు వాక్యము భారత రాష్ట్రపతి పేరిట దానియందు అచ్చువేయబడి యుండును. సామాన్య పౌరులకిచ్చునది ముదురు నీలిరంగు అట్టది. ప్రభుత్వపు పనిమీద పోవువారికి తెల్లనిదియు, దౌత్యాధికారులకు ముదురు ఎఱ్ఱనిదియు నిత్తురు. మన చేతిలోనున్నను ఆ పుస్తకము మనది కాదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టము 17వ సెక్షను ప్రకారము అది కేంద్రప్రభుత్వపు ఆస్తి. ఈ మాటను చదువరులు గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పని యున్నది.

మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు పాస్‌పోర్టు లేకయే అనేక దేశములలో ప్రయాణము చేయుటకు వీలుండెడిది. యుద్ధకాలమున శత్రువుల వేగులవారిని గూర్చిన భయముచేత దేశములన్నియు తలుపులు బిగించుకొనినవి. మన దేశమున 1917లో యుద్ధకాలపు నిబంధనల రూపమునను, 1920లో చట్టరూపమునను పాస్‌పోర్టు వచ్చినది. ఆ 1920వ సంవత్సరమందే నానాజాతి సమితి ప్యారిసు నగరమున నొక సభ జరిపి, అన్ని దేశముల పాస్‌పోర్టులును ఒకే తీరు చిన్నపుస్తకముగా నుండవలెనని నిశ్చయించెను. యుద్ధము ముగిసినను పుస్తకము మాత్రము పోలేదు. నాడు మన జైపూరు నిజాము రాజ్యములోనిది గావున ఇచ్చటివారు బ్రిటిషు ప్రజలుగా కాక, బ్రిటిషు రక్షణలోనున్న వారుగా మాత్రమే ఎంచబడుచుండిరి. విదేశమునకు పోవలసివచ్చినచో వారి పాస్‌పోర్టునందును అట్లే వ్రాయబడుచుండెను.

అయితే తెలుగువారు సముద్రము దాటుట అంతకు చాల పూర్వమే మొదలయ్యెను. కోరంగి రేవునుండి మారిషసునకును బర్మాకును పోయిన మనవారికి అక్కడ 'కోరంగీలు' అనియే పేరు వచ్చినది. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ డర్బను రేవు చేరినది మొదలు, దక్షిణాఫ్రికాలోని నేటాలు చెఱకుతోటలకు ఒప్పందపు కూలీలుగా తెలుగువారును తమిళులును వేలకొలది పోయిరి. వారికి పాస్‌పోర్టు లేదు, వలసచీటి యుండెడిది. అందు కూలీ పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, ఒంటిమీది గుర్తులు వ్రాయబడుచుండెను. వ్రాయువాడు గుమాస్తా, చెప్పువాడు చదువురాని కూలీ. చెవికి వినవచ్చినది ఇంగ్లీషు అక్షరములలో కాగితమున పడినది. పడినదే స్థిరమైనది. నాయుడు అను మాటకు దక్షిణాఫ్రికాలో నేటికిని వేఱొక వర్ణక్రమము చెల్లుచున్నది. ఊరిపేరు తప్పుగా వ్రాయబడినవారి మునిమనుమలు నేడు తమ తాతల గ్రామమేదో వెదకికొనవలెనన్న ఆ చీటీలే ఆధారము. ఒక గుమాస్తా కలము జాఱుట నాలుగు తరములవఱకు పోవునని తెలియుటకు ఇంతకంటె నిదర్శనమేల?

పాస్‌పోర్టు ప్రభుత్వమువారు దయతలచి ఇచ్చునదియా, లేక పౌరుని హక్కా యను ప్రశ్నకు మన సుప్రీముకోర్టు రెండుమారులు సమాధానము చెప్పినది. 1967లో సత్వంతుసింగు సాహ్నీ వ్యాజ్యమున విదేశయాత్ర చేయు హక్కు రాజ్యాంగము 21వ అధికరణములోని వ్యక్తిస్వేచ్ఛలో చేరినదని తీర్పిచ్చెను. అంతవఱకు పాస్‌పోర్టు నిచ్చుటకు సరియైన చట్టమే లేదు. ఆ తీర్పు వచ్చిన యేటనే జూన్ 24వ తేదీనుండి చట్టము వచ్చినది. తరువాత మేనకాగాంధీ పాస్‌పోర్టును కారణము చెప్పకయే స్వాధీనము చేయుమనగా ఆమె కోర్టునకు పోయెను. 1978 జనవరి 25న వెలువడిన ఆ తీర్పు మన న్యాయశాస్త్రమున ప్రసిద్ధమైనది. పై తరగతులలో న్యాయశాస్త్రము చదువగోరు విద్యార్థులు దానిని తప్పక చదువుదురు గనుక ఇచ్చట విస్తరింపను.

ఇక పత్రములోని విషయమునకు వత్తము. అన్నిటికంటె చిక్కైనది పేరు.

పాస్‌పోర్టు దరఖాస్తునందు పేరునకు రెండు గడులుండును. ఒకటి ఇంటిపేరునకు, రెండవది పెట్టినపేరునకు. మనము ఇంటిపేరును ఒక్క అక్షరముగా ముందువ్రాసికొని తిరుగువారము. ఓదెలు అను పేరుగల వానిని తీసికొందము. అతని ఇంటిపేరు గుండ యనుకొనుడు. పాఠశాలలో 'జి. ఓదెలు', ఆధారు కార్డునందు 'గుండ ఓదెలు', బ్యాంకులో 'ఓదెలు గుండ', ఓటరు కార్డునందు ఉత్త 'ఓదెలు'. మన వాడలో నీ నలుగురును ఒక్కడేయని చెట్టుకును పుట్టకును తెలియును. విమానాశ్రయమునందలి యంత్రమునకు మాత్రము వీరు నలుగురు మనుష్యులు. పాస్‌పోర్టునందు పొడి అక్షరములు పనికిరావు. ఇంటిపేరును పూర్తిగా విప్పి వ్రాయవలెను.

కొందఱు ఇంటిపేరు గడిని ఖాళీగా విడిచి పేరంతయు రెండవ గడిలో వ్రాయుదురు. దానివలన పాస్‌పోర్టు రాక మానదు; తిప్పలు తరువాత వచ్చును. 2022 నవంబరు 21నుండి ఐక్య అరబ్బు ఎమిరేట్లవారు, అనగా దుబాయి, అబుదాబి మొదలగువారు, ఒకే పేరు గల పాస్‌పోర్టుతో సందర్శక వీసామీద వచ్చువారిని రానీయమని ప్రకటించిరి. పాస్‌పోర్టు రెండవ పుటలో తండ్రిపేరో ఇంటిపేరో ఉన్నచో అంగీకరింతుమని పిమ్మట సడలించిరి. అమెరికావారు రానిత్తురు గాని, పెట్టినపేరు గడిలో 'మొదటిపేరు తెలియదు' అను అర్థమిచ్చు మూడు ఇంగ్లీషు పొడి అక్షరములు వేయుదురు. అక్కడ మన పిల్లవానిని బ్యాంకులోను కళాశాలలోను ఆ మూడక్షరములతోనే పిలిచినచో నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు.

క్రైస్తవ కుటుంబములలో దీనికితోడు మఱియొకటి యున్నది. ఇంటిలో ఒక పేరు, బాప్తిస్మమునందు వేఱొక పేరు, ప్రభుత్వ కాగితములలో మూడవది. మూడును ప్రేమతో పెట్టినవే. కాని పాస్‌పోర్టున కొకటే వలయును. సంఘపు రిజిస్టరునందున్నది బాప్తిస్మపు తేదీ, పుట్టిన తేదీ కాదనియు మఱువరాదు.

మన బొగ్గుగనుల ప్రాంతమున దీనికంటె బరువైన విషయము గలదు. దీనిని వ్రాయుటకు కొంత సంకోచించితిని. కాని యందఱకును తెలిసినదానిని దాచుటవలన ఎవరికి లాభము? సింగరేణి గనులలో పూర్వకాలమున కొందఱు మారుపేర్లతో పనిలో చేరిరి. అన్న పేరిట తమ్ముడు, మేనమామ పేరిట మేనల్లుడు, ఊరివాని కాగితముమీద మఱొక యూరివాడు బాయిలోనికి దిగి ముప్పదియేండ్లు బొగ్గు తవ్వినవారున్నారు. కష్టము వారిది, చెమట వారిది; పేరు మాత్రము పరునిది. కుమారునకు కారుణ్య నియామకము అడుగునపుడు ఈ చిక్కు బయటపడుట మనమెఱిగినదే. విదేశయాత్రయందును అదియే జరుగును. ఇంటిలోను ఓటరు జాబితాలోను తండ్రి రాజయ్య. గని పుస్తకములో లింగయ్య. బిడ్డను పాఠశాలలో చేర్చునపుడు తండ్రిపేరు ఏది వ్రాయించిరో దానినిబట్టి బిడ్డ పాస్‌పోర్టునందు తండ్రిపేరు పడును. పెన్షను కాగితములపై నున్న తండ్రిపేరును, కుమార్తె పాస్‌పోర్టునందలి తండ్రిపేరును కలియనిచో, ఆమె తన తండ్రిని అమెరికాకు పిలిపించుకొనునపుడు తాను అతని కూతురనని నిరూపించుట యెట్లు?

దీనికి మందు దాచుట కాదు, చెప్పుట. దరఖాస్తునందే 'మీకు వేఱే పేరేదైన గలదా', 'ఎప్పుడైన పేరు మార్చుకొంటిరా' అను ప్రశ్నలు రెండు గలవు. ఉన్నయెడల ఉన్నదని వ్రాయుటలో దోషము లేదు. లేదని వ్రాసి పిమ్మట పట్టుబడుట దోషము. తప్పుడు సమాచారమిచ్చి పాస్‌పోర్టు పొందినవానికి 12వ సెక్షను ప్రకారము రెండేండ్ల వఱకు కారాగారశిక్షయో, 5,000 రూపాయల వఱకు జరిమానాయో, రెండునో పడవచ్చును. పేరును నిజముగా మార్చుకొనదలచినవారు గెజెటునందు ప్రకటింపించి, క్రొత్తపేరుతో ఇతర కాగితములను సరిచేయించుకొని, అటుపిమ్మట పాస్‌పోర్టునకు పోవలెను. ఇది నెలల పని. మే నెలలో విమానమెక్కదలచినవారు మార్చినెలలో మొదలుపెట్టిన సాగదు.

పేరు తరువాత పుట్టిన తేదీ. 1969 నాటి చట్టము ప్రకారము బిడ్డ పుట్టిన 21 దినములలోపల జననమును నమోదు చేయింపవలెను. అప్పటికి పేరు నిశ్చయింపకున్నచో జననము మాత్రము వ్రాయించి, సంవత్సరములోపల రుసుము లేకయు, తరువాత 15 ఏండ్లవఱకు స్వల్పరుసుముతోను పేరు చేర్చించుకొనవచ్చును. చాలమంది తల్లులయొద్ద పేరులేని జననపత్రము పెట్టె యడుగున నుండును. దానిని నేడే తీసి చూచుట మేలు. ఏలయనగా, 2023 అక్టోబరు 1వ తేదీనాడును ఆ తరువాతను పుట్టిన బిడ్డలకు పాస్‌పోర్టునిమిత్తము జననపత్రము తప్ప మఱి యే కాగితమును పుట్టినతేదీకి ఆధారము కాదని 2025లో నియమము చేసిరి. అంతకు ముందు పుట్టినవారికి పదవతరగతి సర్టిఫికెట్టు, పాఠశాల టి.సి. మొదలగునవియు చెల్లును.

ఇచ్చట ఉపాధ్యాయుల కలము ప్రవేశించుచున్నది. తాతల కాలమున బిడ్డ వయస్సు చెప్పుమనిన 'గోదారి పొంగిన యేడు పుట్టిండు సారూ' అని తల్లి చెప్పెడిది. ఉపాధ్యాయుడు వ్రేళ్లు మడచి లెక్కవేసి, జూన్ నెలలో బడి తెఱచునాటికి అయిదేండ్లు నిండునట్లు ఒక తేదీని తానే వేసెడివాడు. అందుచేతనే మన ప్రాంతపు పెద్దలలో జూన్ మాసమున పుట్టినవారు లెక్కకు మించి కనబడుదురు! అది నాటి అవసరము. నేడట్లు చేయరాదు. అడ్మిషను రిజిస్టరులోనిది టి.సి.లోనికి, అచ్చటినుండి పదవతరగతి నామినలు రోలులోనికి, దానినుండి ప్రభుత్వ పరీక్షలశాఖవారి మెమోలోనికి, మెమోనుండి పాస్‌పోర్టులోనికి దిగును. నామినలు రోలు పంపుటకు ముందు పిల్లలచేతను తల్లిదండ్రులచేతను అక్షరమక్షరము చూపించి సంతకము చేయించునపుడు చదువక సంతకము చేయు తల్లిదండ్రులే యెక్కువమంది. ఆ దినమున అయిదు నిమిషములు నిలిచి, తమ ఆధారు కార్డును, జననపత్రమును దగ్గఱ నుంచుకొని సరిపోల్చుకొనిన చాలును. మెమో అచ్చుపడిన పిమ్మట తేదీ మార్చుట ఎంత కష్టమో అనుభవించినవారికి తెలియును.

పుట్టిన స్థలమును గూర్చి కొందఱు కంగారుపడుదురు. 2014 జూన్ 2కు ముందు పుట్టిన పిల్లల జననపత్రములలో ఆంధ్రప్రదేశ్ అనియు, 2016 అక్టోబరు 11కు ముందటివానిలో ఆదిలాబాదు జిల్లా యనియు ఉండును. నేటి కాగితములలో తెలంగాణ, మంచిర్యాల జిల్లా. ఇందు తప్పేమియు లేదు. జైపూరు కదలలేదు, గోదావరి కదలలేదు. హద్దులు మాత్రము మాఱినవి. దీనికై పాత జననపత్రమును చింపి క్రొత్తది పుట్టింప ప్రయత్నించుట అనవసరము.

ఇప్పుడు విద్యార్థులకొక చిన్న లెక్క. పాస్‌పోర్టునందు ఫొటో యున్న పుట యడుగున రెండు పంక్తులలో అక్షరములును, అంకెలును, మూలవంపు గుర్తులును కలిసిన వింతవ్రాత యుండును. ఒక్కొక్క పంక్తిలో సరిగా 44 గుర్తులు. అది యంత్రము చదువుకొనుటకై వ్రాసినది. 1944 నాటి చికాగో ఒడంబడికవలన ఏర్పడిన అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థవారు దీని నియమములను నిర్ణయించిరి. చేతివ్రాత పాస్‌పోర్టులు 2015 నవంబరు 24తో లోకమంతటను చెల్లకుండ పోయినవి. ఆ రెండవ పంక్తిలో పుట్టినతేదీ ఆఱు అంకెలలో, సంవత్సరము, నెల, దినము అను వరుసను ఉండును. దాని ప్రక్కన ఏడవ అంకె యొకటి కలదు. అది సరిచూచు అంకె.

2010 ఆగస్టు 15న పుట్టిన బాలుని తేదీ 100815 అగును. ఈ ఆఱంకెలను వరుసగా 7, 3, 1, 7, 3, 1 చేత గుణింపుడు. 7, 0, 0, 56, 3, 5 వచ్చును. మొత్తము 71. పదిచేత భాగింపగా శేషము 1. ఆ ఒకటియే సరిచూచు అంకె. కడపటి 5ను యంత్రము 6 అని తప్పుగా చదివినయెడల మొత్తము 72, శేషము 2 అగును. వెంటనే తప్పు పట్టుబడును. ఏ ఒక్క అంకె మాఱినను ఈ పద్ధతిచేత తెలియకుండ పోదు. 7, 3, 1 అనువానికిని పదికిని ఉమ్మడి భాజకము లేకుండుటయే కారణము. అయితే ప్రక్కప్రక్కనున్న రెండంకెలు తారుమాఱైనయెడల? చాలవఱకు తెలియును గాని, ఆ రెండింటి భేదము సరిగా 5 అయినచో తెలియదు. 1, 6 అనువానిని 6, 1గా మార్చి 7, 3చేత గుణించి చూడుడు: మొదట 25, తరువాత 45, రెండింటికిని శేషము 5. ఎందుచేతనో తొమ్మిది, పది తరగతులవారు తామే కనుగొనగలరు. ఇంటిలో ఎవరి పాస్‌పోర్టున్నను ఈ లెక్క వేసి చూచుకొనవచ్చును. 2024 నుండి మన దేశమున క్రమముగా ఇచ్చుచున్న ఈ-పాస్‌పోర్టులందు అట్టలో నొక సన్నని చిప్పు కూడ నుండును. అయినను ఈ రెండు పంక్తులు పోలేదు.

దరఖాస్తు చేయుట కష్టము కాదు. ప్రభుత్వమువారి వెబ్‌సైటునందు వివరములు నింపి, రుసుము చెల్లించి, దినము నిర్ణయించుకొని, అసలు కాగితములతో కేంద్రమునకు పోవలెను. మన ప్రాంతీయ కార్యాలయము సికింద్రాబాదునందున్నది. కరీంనగరమునందును నిజామాబాదునందును సేవాకేంద్రములు గలవు. 2017 నుండి అనేక పట్టణముల పోస్టాఫీసులలోను కేంద్రములు తెఱచుచున్నారు. ప్రభుత్వపు వెబ్‌సైటువలెనే కనబడు దొంగ వెబ్‌సైట్లును ఉన్నవి. అధిక రుసుము అడిగినచో అనుమానింపుడు. పెద్దలకు 36 పుటల పుస్తకము 1,500 రూపాయలు, పదేండ్లు చెల్లును. పదునెనిమిదేండ్లలోపు పిల్లలకు 1,000 రూపాయలు. అయిదేండ్లు గాని, పదునెనిమిది నిండువఱకు గాని, ఏది ముందైన అంతవఱకే చెల్లును. పదునైదు దాటిన పిల్లలు పెద్దల రుసుము చెల్లించి పదేండ్ల పుస్తకము పొందవచ్చును. ఎనిమిదేండ్లలోపు బిడ్డలకును అఱువది దాటిన వృద్ధులకును క్రొత్త దరఖాస్తులలో పదింట నొకవంతు తగ్గింపు కలదు.

పిల్లల దరఖాస్తునకు తల్లిదండ్రు లిరువురి సమ్మతి కావలెను. తండ్రి గల్ఫులో నున్నచో ఆ సమ్మతిని తెప్పించుకొనుటకే కొన్ని వారములు పట్టును. దీనిని మొదట చూచుకొనవలెను. సింగరేణి ఉద్యోగులు ప్రభుత్వరంగ సంస్థవారు గావున తమ కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రమైనను తెచ్చుకొనవలెను, లేదా పాస్‌పోర్టునకు దరఖాస్తు చేయుచున్నామని ముందుగా తెలియజేసిన లేఖ నకలైనను చూపవలెను. కంపెనీ క్వార్టరు చిరునామా ఇచ్చువారు పదవీవిరమణతో ఆ ఇల్లు విడువవలసియుండునని తలంచుకొందురు గాక. పోలీసు విచారణకు జవాను వచ్చునాటికి ఇల్లు మాఱినచో కాగితము వెనుకకు పోవును.

పాస్‌పోర్టు మన ప్రభుత్వమిచ్చు గుర్తింపు. వీసా అవతలి ప్రభుత్వమిచ్చు అనుమతి. రెండింటిని ఒకటిగా తలంచువారు పెక్కుమంది. వీసా నియమములు దేశమున కొకవిధముగ నుండి తఱచు మాఱుచుండును గావున, టిక్కెట్టు కొనుటకు ముందు ఆ దేశపు రాయబార కార్యాలయమువారి ప్రకటననే చూడవలెను. క్రిందటేడు పోయివచ్చిన చుట్టము మాట చాలదు. అనేక దేశములు ప్రయాణపు దినమునుండి ఆఱుమాసములైన చెల్లుబాటు మిగిలియున్న పాస్‌పోర్టునే అంగీకరించును. ఐరోపాలోని షెంగెను దేశములకు 30,000 యూరోలకు తక్కువగాని వైద్యబీమా కావలెను. అమెరికా సందర్శక వీసాకు హైదరాబాదునందలి వారి కాన్సులేటులోనే ముఖాముఖి ప్రశ్నింతురు. వృద్ధులు అక్కడ కుమారుడు నేర్పిన మాటలు అప్పగింపక, ఎవరియింటికి పోవుచున్నారో, ఎప్పుడు తిరిగివత్తురో నిజముగా చెప్పుట మేలు. ఆఫ్రికాలోను దక్షిణ అమెరికాలోను పచ్చజ్వరమున్న దేశములకు పోయివచ్చువారికి టీకాపత్రము లేనిచో తిరిగి వచ్చునపుడు మన విమానాశ్రయమునందే వేఱుగా నుంచుదురు. ఆ టీకా పనిచేయుటకు పదిదినములు పట్టును. హైదరాబాదు నారాయణగూడలోని నివారణవైద్య సంస్థయందు వేయుదురు.

పాస్‌పోర్టు లేకయే కుటుంబముతో చూచి రాదగిన విదేశమును కలదు. అది నేపాళము. పెద్దలకు ఓటరు కార్డు చాలును. పదునైదేండ్లలోపు పిల్లలకును అఱువదియైదు దాటిన వృద్ధులకును ఆధారు కార్డువంటి ఫొటోగల కాగితము సరిపోవును. తక్కిన వయస్సులవారికి ఆధారు చెల్లదు. పదునైదునుండి పదునెనిమిదేండ్ల మధ్యవారికి ఎవరిచ్చు పత్రము చెల్లునో తెలియునా? పాఠశాల ప్రధానోపాధ్యాయు లిచ్చు గుర్తింపుపత్రము! నిర్ణీత నమూనాలో దానిని వ్రాసి ఇచ్చినచో సరిహద్దు దాటనిత్తురు. కుటుంబమంతయు కలిసి పోవునపుడు పెద్దలలో నొకరియొద్ద పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉన్నచో, తక్కినవారికి ఫొటోయు బంధుత్వమును తెలియజేయు రేషను కార్డు, పాఠశాల గుర్తింపు కార్డు వంటివియు చెల్లును. మన పిల్లలు మెడలో వేసికొనుటకు సిగ్గుపడి సంచిలో కుక్కు ఆ కార్డునకు హిమాలయముల యొద్ద అంత విలువ గలదు. భూటానునకును పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని చాలును. చిన్నపిల్లలకు జననపత్రము కావలెను. అయితే అచ్చట భారతీయులు రాత్రి కొక్కంటికి 1,200 రూపాయల రుసుము చెల్లింపవలెను.

గల్ఫు ప్రయాణమును గూర్చి వేఱుగా చెప్పవలసియున్నది. సందర్శక వీసామీద భార్యాబిడ్డలు పోయివచ్చుట సుఖమైన పని. కాని అదే సందర్శక వీసా చేతికిచ్చి, అక్కడ పని చూపుదుమని చెప్పి మన పిల్లలను పంపు దళారులున్నారు. పదవతరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టునందు వలసతనిఖీ కావలెనను ముద్ర యుండును. 1983 నాటి చట్టము ప్రకారము అట్టివారు సౌదీ అరేబియా, కువాయిటు, ఒమాను మొదలైన దేశములకు ఉద్యోగమునకై పోవునపుడు వలసరక్షణాధికారి అనుమతి పొందవలెను. ఆ అధికారి ఒప్పందపత్రమును, జీతమును, యజమానిని చూచియే అనుమతి నిచ్చును. విహారయాత్రకు ఆ తనిఖీ లేదు. దళారి సందర్శక వీసా ఇప్పించుటలోని కిటుకు ఇదియే, తనిఖీని తప్పించుచున్నాడు. అక్కడ చిక్కుపడినవానికి ఒప్పందము లేదు, జీతమడుగుటకు ఆధారము లేదు, గడువు దాటిన నాటినుండి జరిమానా పెరుగుచుండును. బడి మాని గల్ఫునకు పోవుదునను పిల్లవానికి నేను చెప్పు మాట యొకటే: పదవతరగతి మెమో నీ పాస్‌పోర్టుమీద ఆ ముద్ర పడకుండ చేయు కాగితము, ముందు దానిని తెచ్చుకొనుము.

అక్కడి యజమాని 'నీ పాస్‌పోర్టు నాయొద్ద దాచియుంచెదను' అని తీసికొనుట కూడ కలదు. పైన చెప్పిన 17వ సెక్షను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆ పుస్తకము భారతప్రభుత్వపు ఆస్తి. యజమానికిని, దళారికిని, అప్పిచ్చినవానికిని దానిని పట్టియుంచు హక్కు లేదు. అడిగినను ఇయ్యనిచో అచ్చటి భారత రాయబార కార్యాలయమునకు ఫిర్యాదు చేయవచ్చును.

బయలుదేరుటకు ముందు పాస్‌పోర్టు మొదటి కడపటి పుటలను, వీసాను, బీమాను రెండేసి నకళ్లు తీయించి, ఒకటి ప్రయాణపు పెట్టెలో అసలుకు దూరముగా నుంచి, రెండవది ఇంటియొద్ద నమ్మకస్థులకు ఇచ్చి పోవలెను. విదేశమున పాస్‌పోర్టు పోయినచో మొదట అక్కడి పోలీసులకు తెలిపి రసీదు తీసికొని, భారత రాయబార కార్యాలయమునకు పోవలెను. క్రొత్త పుస్తకమునకు వ్యవధి లేనిచో వారు అత్యవసర పత్ర మొకటి ఇత్తురు. దానితో ఒక్కమారు మాత్రము, అదియు భారతదేశమునకు తిరిగి వచ్చుటకు మాత్రమే వీలగును. నకలు చేతనున్నవారికి ఆ పత్రము త్వరగా వచ్చును. లేనివారు తామెవరో మొదటినుండి నిరూపించుకొనవలసి యుండును.